పక్క సీటు క్లచ్

1 సెప్టెంబరు 2003, సోమవారం. పుంగనూరు

ఈ డైరీని ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో గోవిందరాజులు సారుకి ఇచ్చారు. ఎనిమిది నెలలు ఇది మా డ్రైవింగ్ స్కూలు టేబులు కాలి కింద ఉంది. నిన్న వడ్రంగి వచ్చి టేబులు బాగు చేశాడు కాబట్టి నాకు వచ్చింది. అట్ట మీద గుంట పడింది. రాయడానికి ఇబ్బంది లేదు.

ఇందులో నిజాలే రాయదలుచుకున్నాను.

ఈ రోజు నిజం: బస్టాండు దగ్గర మిట్ట మీద స్కూలు మారుతిని ఆపి, మళ్ళీ తీశాను. జానెడు కూడా వెనక్కి జారలేదు. సారు పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. "స్వర్ణమ్మ మాదిరి స్టార్టింగ్ తీసే ఆడమనిషి ఈ తాలూకాలోనే లేదు" అన్నారు.

సారు భార్య సరస్వతక్క వెనక సీట్లో చేట ఒళ్ళో పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. "ఈ తాలూకాలో కారు తోలే ఆడమనిషి ఇంకొగతి యాడుండాది?" అంది.

ఆమెకు నా మీద అసూయ అని నేననుకోను. వెనక సీట్లో ఆమెకు తల తిరుగుతుంది.

3 సెప్టెంబరు

ఆడవాళ్ళు నేర్చుకునేటప్పుడు సరస్వతక్క వెనక సీట్లో ఉండాలి. ఇది మా స్కూలు పద్ధతి. అలాగైతేనే ఇళ్ళల్లో ఒప్పుకుంటారు. నాలుగేళ్ళుగా ఆమె ఆ సీట్లోనే శెనక్కాయలు ఒలిచింది, చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది, పూలు కట్టింది, బోయకొండ నుంచి దిగేటప్పుడల్లా వాంతి చేసుకుంది.

ఈ రోజు కారు దిగి చెప్పేసింది. "దసరా దాకా ఎక్కతా. ఆమీట నా వల్ల కాదప్పా. స్పేర్ టైరు మాదిరి నన్ను ఏసుకోని తిరగతాండావు."

"అట్లయితే లేడీస్ బ్యాచ్ మూసేయాల్సిందే" అన్నారు సారు.

"యాల మూసేది? స్వర్ణ లేదా? ఆ పాప నీ సీట్లో కూసోని నేర్పిస్తే నీతోనూ పనిలేదు, నాతోనూ పనిలేదు."

సారు నన్ను చూశారు. నేను ఫోన్ చూశాను. బి.కాం. పాసై, లైసెన్సు తెచ్చుకుని, ఏడాదిగా నేను ఆ ఫోనే ఎత్తుతున్నాను.

"సరే" అన్నారు సారు. "దసరా ఎల్లినాక కుప్పంలో డ్రైవింగ్ స్కూలోళ్ళ పోటీ ఉండాది. కారు నిలబెట్టిన కాడ్నుంచి ఎవురు బిరీన ఎత్తుకుంటారో సూసే పోటీ. ఆడ అందరి ముందరా నువ్వు స్టార్టింగ్ తీసి సూపీ. ఆమీట నువ్వు నేర్పిస్తానంటే ఎవురూ నోరెత్తరు. ఆడ బండి ఆపేసినావనుకో, లేడీస్ బ్యాచ్ మూసేస్తా. అప్పుడు కౌంటర్లో మాత్రం నీకేం పని ఉంటాదమ్మా?"

ఆయన బెదిరించలేదు. ఉన్నది చెప్పారు. నాకు భయం కూడా లేదు. తాలూకాలోనే లేదని అన్నది ఆయనే.

7 సెప్టెంబరు, ఆదివారం. ఇంటి దగ్గర

రామసముద్రం బస్సు దిగి నడిచి వచ్చేసరికి మా ఊళ్ళో నేను టీచరునై ఉన్నాను. అమ్మ చెప్పిందట. "ఇస్కూల్లో పని చేస్తాంటే టీచరు గాక ఇంకేమి?" అంది. మా ఇంట్లో నాకంటే ముందు స్కూలుకి పోయినవాళ్ళు లేరు. స్కూళ్ళు ఎన్ని రకాలో చెప్పే సందర్భం ఎప్పుడూ రాలేదు.

పక్కింటి పాపక్క మనవరాలిని తెచ్చి ఎక్కాలు అడగమంది. అడిగాను. పదమూడో ఎక్కం దగ్గర ఆగింది.

మా నాయన కారు గురించి ఒక్క మాటే అడిగాడు. "ఎద్దు కదలకపోతే తోక మెలేస్తాం. దానికేం మెలేస్తారు పాపా?"

11 సెప్టెంబరు

పోటీ వివరాలు తెలిశాయి. కుప్పం బయట కొత్తగా వేసిన ప్లాట్ల మధ్య రోడ్డు. ఇళ్ళింకా కట్టలేదు. స్కూలుకి ఒక కారు, అది నేర్పించే కారే అయి ఉండాలి, అంటే ఎడమ వైపు సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉన్నది. ఆ సీట్లో ఒక మనిషి ఉండి తీరాలి. జెండా ఊపగానే బయలుదేరి, వంద మీటర్ల అవతల సున్నం గీత దాటాలి.

మామూలుగా తీయడం వేరు, తొందరగా తీయడం వేరు. సారు చెప్పినవి రాసుకున్నాను. ఇంజన్ గొంతు ముందే కొంచెం పెంచి పెట్టుకోవాలి. క్లచ్‌ను గబుక్కున వదలాలి, కానీ పట్టు దొరికే చోట ఆగాలి. మరీ మెల్లగా వదిలితే పక్క కారు వెళ్ళిపోతుంది. ఒక్కసారిగా వదిలితే ఇంజన్ ఆగిపోతుంది.

సాయంత్రం సారును పక్కన కూర్చోబెట్టుకుని సంత మైదానంలో చేశాను. ప్రతిసారీ వచ్చింది. ఇందులో ఇంత చెప్పడానికి ఏముందో నాకు తెలియలేదు.

13 సెప్టెంబరు

పోటీలో జెండా ఊపాల్సింది గోవిందరాజులు సారే అని స్కూళ్ళ అసోసియేషన్ వాళ్ళు తేల్చారు. కాబట్టి నా పక్క సీట్లో సరస్వతక్క కూర్చుంటుంది. "వెనక సీటు గాదు గదా, సరే" అంది.

నాకేం ఇబ్బంది లేదు.

15 సెప్టెంబరు

సరస్వతక్క పక్కన కూర్చుంది. కాళ్ళు కింద పెడితే పెడల్స్ తగులుతున్నాయని సీటు మీదే బాసింపట్టు వేసుకుని, చేట ఒళ్ళో పెట్టుకుంది. కారు ఆగిపోయింది. మళ్ళీ ఆగిపోయింది. చేటలోవి సగం కిందపడ్డాయి.

కారులో ఏదో లోపం ఉంది.

16 సెప్టెంబరు

ఆగిపోయింది. పెట్రోలులో నీళ్ళు కలిసి ఉండవచ్చు.

18 సెప్టెంబరు

సారు కూర్చున్నారు. పూలరథంలా కదిలింది. పెట్రోలు మారినట్టుంది.

19 సెప్టెంబరు

సరస్వతక్క కూర్చుంది. ఆగిపోయింది. బరువు కారణం కావచ్చు. ఆమెకు చెప్పలేదు.

22 సెప్టెంబరు. మదనపల్లె

కారు మెకానిక్ ముద్దుకృష్ణకు చూపించాను. సారే తోలారు. టమోటా లారీలు అడ్డం ఉండి షెడ్డు చేరేసరికే ఎండెక్కింది. ఆయన రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

"బండికి యా రోగమూ లేదమ్మా. ఎప్పుడు ఆగతాండాది?"

"సరస్వతక్క కూర్చున్నప్పుడు."

"అయితే సర్వీసు ఆయమ్మకి చేయించల్ల."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. ప్లగ్గులు మార్చమని అడిగాను. మార్చాల్సిన పని లేదన్నాడు. మార్పించాను.

25 సెప్టెంబరు

సరస్వతక్క పెళ్ళికి వెళ్ళింది. ఈ రోజు జెమీమా పాఠం. జెమీమా మిషన్ ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ నాన్న నతానియేలు గారు కూతురి వెనక ఆడమనిషి లేనిదే కారు ఎక్కించరు. కాబట్టి వెనక సీట్లో నేను కూర్చున్నాను. ఏడాదిలో అక్కడ కూర్చోవడం ఇదే మొదటిసారి.

అక్కడి నుంచి సారు కాళ్ళు కనిపిస్తాయి.

జెమీమా గేరు వేసింది. సారు చేతులు కట్టుకుని కిటికీలోంచి గొర్రెల మందను చూస్తున్నారు. జెమీమా కాలు తీసింది. సారు వైపు క్లచ్ కూడా పైకి రావాలి, రెండూ ఒకదానికొకటి కట్టినవే కదా. అది పైకి రావడం మొదలుపెట్టగానే సారు ఎడమ కాలు దాని మీద ఆనింది. ఆపింది. మెల్లగా, పాలగిన్నె దించినట్టు వదిలింది. కారు పూలరథంలా కదిలింది.

జెమీమా వెనక్కి తిరిగి, "నాకొచ్చేసిందక్కా!" అంది.

"ముందర సూడమ్మా" అన్నారు సారు. ఆయన ఇంకా గొర్రెలనే చూస్తున్నారు.

జెమీమా ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు బయటి నుంచి ఎలా ఉంటుందో నాకు ఇప్పటిదాకా తెలియదు.

26 సెప్టెంబరు

రాయడానికి ఏమీ లేదు.

27 సెప్టెంబరు

అడిగాను. "సార్, మేము స్టార్టింగ్ తీసేటప్పుడు మీరు క్లచ్ నొక్కుతారా?"

"నేనా? యాడమ్మా! నా కాలు ఊరికే ఆడ ఉంటాది."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగా తెలియదు. సరస్వతక్కకు తెలుసు. "ఊరికే ఉంటాదా? తిరపతి బస్సులో కూసుంటే ముందర సీటు ఇనప పట్టీ నొక్కతానే ఉంటాడు. సినిమాకి పోతే ముందరాయప్ప లేసి కొట్లాటకొచ్చినాడు. యాడాది నుంచి ఎడమ పిక్క నొప్పని మందు పూసుకుంటాండాడు. ఏ డాక్టరూ యాలో చెప్పలేకపోయినాడు."

"అది వాతం" అన్నారు సారు.

పోటీలో నా పేరు తీసేయమని చెప్పడం ధర్మం. సారు భోజనానికి వెళ్ళారు కాబట్టి చెప్పలేదు. ఆయన తిరిగి వచ్చాక ఫోన్ మోగింది.

30 సెప్టెంబరు

పుస్తకంలో క్లచ్ బొమ్మ వేసి ఉంది. రెండు పళ్ళాలు ఒకదానికొకటి ఆనుకుంటాయి. పూర్తిగా అర్థమైంది. సిద్ధాంతం తెలిస్తే ప్రాక్టీసు పెద్ద విషయం కాదు. ఈ రోజు కారు ఎక్కలేదు.

2 అక్టోబరు

సిద్ధాంతం మళ్ళీ చదివాను.

4 అక్టోబరు, శనివారం. ఆయుధ పూజ

కారు కడిగాం. బొట్లు పెట్టాం. బానెట్టుకు బంతిపూల దండ కట్టాం. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కించి కారు ముందుకు కదిలించాలి. ప్రతి ఏడూ సారు కదిలిస్తారు. ఈసారి, "కుప్పంలో పోటీకి పోయే మనిషి స్వర్ణమ్మ. ఆయమ్మే తొక్కియ్యాల" అని తాళాలు నాకిచ్చి, ఆయన బయట హారతి పట్టుకుని నిలబడ్డారు.

అమ్మ వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి, టీచరుగా ఉన్న కూతుర్ని చూసుకోవడానికి వచ్చింది. పక్కనున్న టైలరు కొట్లో అందరికీ తన పేరు సిద్దమ్మ అనీ, నా తల్లి అనీ చెప్పుకుంది.

పక్క సీట్లో ఎవరూ లేరు. గేరు వేశాను. సిద్ధాంతం గుర్తు చేసుకున్నాను. కాలు తీశాను.

కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పాను. మళ్ళీ ఆగిపోయింది. దిగి చూస్తే నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. ఒకటి పక్కకు దొర్లి కాలువలో పడింది.

సారు హారతి పళ్ళెం కింద పెట్టారు. ఆయనే ఎక్కి కొత్త నిమ్మకాయ పెట్టించి తొక్కించారు. దిగాక నాతో మెల్లగా అన్నారు. "పండగ పూట యాలమ్మా ఇట్లయింది? కుప్పంలో గూడా ఇట్లే అయితే, మనకింక లేడీస్ బ్యాచ్ వద్దు తల్లీ."

బస్సెక్కించేటప్పుడు అమ్మ, "నిమ్మకాయి గట్టిది పాపా" అంది. బస్సు మెట్టు మీద నిలబడి, "పిల్లకాయలకి నేర్పించేది గూడా ఈ కారులోనేనా?" అని అడిగింది.

"పిల్లలకు కాదమ్మా. పెద్దవాళ్ళకు. కారు తోలడం నేర్పిస్తారు ఇక్కడ. నేను ఇంకా టీచరును కాదు."

అమ్మ సంచి చంకన పెట్టుకుంది. "పెద్దోళ్ళకి నేర్పించేది అంటే ఇంకా కష్టం గదా" అంది.

కారులో లోపం లేదు. పెట్రోలులో నీళ్ళు లేవు. సరస్వతక్క బరువు కాదు. నాకు స్టార్టింగ్ తీయడం రాదు. ఏడాదిగా ఎప్పుడూ రాలేదు.

6 అక్టోబరు

తెల్లవారగానే సరస్వతక్కను లేపి సంత మైదానానికి తీసుకెళ్ళాను. ఆమె బాసింపట్టు, చేట, శెనక్కాయలు. నేను చెప్పులు విప్పేసి వట్టి కాళ్ళతో.

మొదట కుడికాలు అసలు పెట్టలేదు. క్లచ్ మాత్రమే గోరంత గోరంత వదిలాను. ఒకచోట కారు ముక్కు కొంచెం లేచింది. ఇంజన్ గొంతు దిగింది. గబుక్కున మళ్ళీ నొక్కేశాను. ఆ చోటే మళ్ళీ వెతికాను. ఆ చోట పాదం అడుగున చిన్న వణుకు తెలుస్తుంది. ఆ వణుకును ఏడాదిగా సారు కాలు తింటూ వచ్చింది. నాకు దక్కలేదు.

చాలాసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా సరస్వతక్క కిందపడినవి ఏరుకుంది.

8 అక్టోబరు

నేను చేసే తప్పు ఇది. ఇంజన్ గొంతు దిగగానే భయపడి రెండు కాళ్ళూ తీసేస్తాను. గొంతు దిగినప్పుడే ఎడమ కాలు ఊపిరి పీల్చేంతసేపు అక్కడే నిలవాలి, కుడికాలు ఇంకాస్త దిగాలి. భయపడే చోటే నిలబడాలి.

"ఈ తడవ ఐదారే పడినాయి" అంది సరస్వతక్క.

9 అక్టోబరు

ఈ రోజు కుడికాలు ఎక్కువైంది. ముందు చక్రాలు మట్టిలో గిరగిరా తిరిగాయి, కారు మాత్రం అక్కడే ఉంది. సంతకు ముందే వచ్చిన ఆవులు లేచి నిలబడ్డాయి.

11 అక్టోబరు

చేటలోంచి ఒక్క గింజ కూడా పడలేదు. అలాగని కారు మెల్లగానూ పోలేదు. సరస్వతక్క తల సీటుకు ఆనుకుపోయింది. "కొప్పు ఊడింది" అంది. ఆమె నోటి నుంచి అది మెచ్చుకోలు.

సారును ఎక్కించుకుని చూపించలేదు. ఎక్కితే ఆ కాలు కూడా ఎక్కుతుంది.

12 అక్టోబరు, ఆదివారం. కుప్పం నుంచి వచ్చాక

పలమనేరు, వి.కోట మీదుగా సారు తోలారు. నేను వెనక, సరస్వతక్క ముందు. ఆమె దారిలో వాంతి చేసుకోలేదు. ముందు సీటు మహిమ అంది.

ఐదు కార్లు. తోలేవాళ్ళలో నేను తప్ప అందరూ మగవాళ్ళు. వి.కోట స్కూలాయన నన్ను చూసి సారుతో అన్నాడు. "ఏమప్పా రాజులూ, ఈ తడవ ఆడోళ్ళని దింపినావు?"

"యాల, నీకు భయమైతాందా?" అని సరస్వతక్క అడిగింది. ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

గీత మీద నిలబెట్టాం. పండగ వారం కదా, అందరి కార్లకూ నిమ్మకాయలు. సారు మా కారు ముందు వంగి రెండు నిమ్మకాయలు పెట్టారు. కిటికీ దగ్గరికి వచ్చారు. "సరే" అని మాత్రం చెప్పి, జెండా పట్టుకుని పక్కకు వెళ్ళి నిలబడ్డారు.

చెప్పులు విప్పి సీటు కిందికి తోశాను. క్లచ్ నొక్కి, ఒకటో గేరు వేశాను. హ్యాండ్ బ్రేకు దించాను. ఇంజన్ గొంతు పెంచి పెట్టుకున్నాను. పక్కన శెనక్కాయ ఒలిచే చప్పుడు. పటుక్కు, పటుక్కు. ఎవరి కాలూ ఎక్కడా లేదు.

జెండా లేచింది.

ఎడమ కాలు గబుక్కున ఆ చోటుకు వచ్చింది. వణుకు. గొంతు దిగింది. నిలబడ్డాను. కుడికాలు దించాను.

కారు పోయింది. నిమ్మకాయల చప్పుడు కింద రెండుసార్లు వినిపించింది. కుడి కిటికీలో ఎవరూ లేరు. ఎడమ కిటికీలో ఎవరూ లేరు. అద్దంలో నాలుగు కార్లూ ఉన్నాయి. అలాంటి దృశ్యం నేను ఎప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను.

ఇంజన్ అరవడం మొదలుపెట్టింది. ఇంకా గట్టిగా అరిచింది. అద్దంలోని కార్లు కిటికీల్లోకి వచ్చాయి.

"రెండోది ఎయ్యమ్మా" అంది సరస్వతక్క తల ఎత్తకుండా.

నిజమే. రెండో గేరు ఉంది. వారమంతా నేను స్టార్టింగ్ ఒక్కటే ప్రాక్టీసు చేశాను. బయలుదేరాక ఏం చేయాలో అసలు ఆలోచించలేదు.

నాలుగో స్థానంలో గీత దాటాం. మా వెనక మిగిలిన కారు ఇంజన్ ఆగిపోయి బయలుదేరే గీత మీదే ఉంది. వి.కోట వాళ్ళకు ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు. మాకు స్టీలు గ్లాసు.

బయలుదేరిన చోటికి నడిచి వచ్చాను. సారు అక్కడే నిలబడి ఉన్నారు, జెండా ఇంకా చేతిలోనే ఉంది. ఏమంటారో తెలుసు కాబట్టి నేనే మొదలుపెట్టాను. "నాలుగో స్థానం సార్. సర్దుకుని వెళ్ళిపోతాను."

ఆయన నా మాట వినలేదు. కిందికి చూస్తున్నారు. ఆయన ఎడమ కాలి కింద కొత్త గ్రావెల్‌లో గుంట పడి ఉంది. చెప్పు సగం దాకా దిగిపోయింది.

"సూడమ్మా" అన్నారు. "జెండా ఊపేటప్పుడు నేనే నొక్కినాను. నేలనిట్ల నొక్కినాను. ఇంత నొక్కినా నువ్వు ఆగలేదు."

సరస్వతక్క చేట పట్టుకుని వచ్చి ఆ గుంటను చూసింది. "ఊరికే ఆడ ఉంటాది గదా" అంది.

సారు కాలు గుంటలోంచి తీసి, దులుపుకుని, నలిగిన నిమ్మకాయల దగ్గరికి వెళ్ళి చూశారు. రెండూ అప్పడాల్లా ఉన్నాయి. "బుధవారం నుంచి లేడీస్ బ్యాచ్ నువ్వు సూసుకో" అన్నారు.

గ్లాసు అమ్మకు ఇవ్వాలి.

15 అక్టోబరు, బుధవారం

ఎడమ వైపు సీట్లో కూర్చున్నాను. జెమీమా తోలింది. వెనక సీటు ఖాళీ. నతానియేలు గారు గేటు దగ్గర నిలబడి ఖాళీ సీటును చూశారు, నన్ను చూశారు, లోపలికి వెళ్ళిపోయారు.

జెమీమాకు వాళ్ళ ఆసుపత్రి జీపు తోలాలని ఉందట. రాత్రి కాన్పు కేసు వస్తే డ్రైవరు కోసం ఎదురు చూస్తూ కూర్చోవాలట. "నేనే తెచ్చుకోవచ్చు కదక్కా" అంది.

స్టార్టింగ్ చాలా బాగా తీసింది.

3 నవంబరు

జెమీమా ఒక్కసారి కూడా ఇంజన్ ఆపలేదు. కొత్తగా చేరిన టీచరమ్మ కూడా ఆపలేదు. నాకు నేర్పడం బాగా వచ్చినట్టుంది.

19 నవంబరు

జెమీమా ఆసుపత్రి జీపు తీసి చూసిందట. నాలుగుసార్లు ఆగిపోయిందట. "మన కారులో ఎప్పుడూ ఆగదు కదక్కా. ఆ జీపులో ఏదో లోపం ఉంది" అంది.

జీపు పాతది. అయి ఉండవచ్చు.

24 నవంబరు

ఎడమ పిక్క నొప్పి. కౌంటర్లో ఎక్కువసేపు నిలబడటం వల్ల కావచ్చు. ఈ మధ్య నేను కౌంటర్లో నిలబడటం లేదు. చలి వల్ల కావచ్చు.

27 నవంబరు

నేను నొక్కడం లేదు. నా కాలు ఊరికే అక్కడ ఉంటుంది.

28 నవంబరు

సారు తన మందు డబ్బా నా టేబులు మీద పెట్టి వెళ్ళిపోయారు.

1 డిసెంబరు, సోమవారం

సరస్వతక్కను చేట అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చింది.

రేపు జెమీమా పాఠం. సంతలో అనపకాయలు వచ్చాయి. సీటు మీద బాసింపట్టు వేసుకుని ఒలవడానికి ఒక కేజీ కొన్నాను.